రుజువయ్యే దాకా పక్కన కూర్చోమంటే అది శిక్షా?

ఇది కాస్త పొడుగు పోస్టు. చాయ్ పెట్టుకొని తీరిగ్గా చదవండి. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా రాస్తుంటే మాట మీద మాట పడి అసలు సంగతి మునిగిపోతోంది. అందుకే ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

మన సంఘం నియమావళిలో మార్పులకు సలహాలు పంపమని కార్యదర్శి అడిగాడు. అందులో ఒక్క అంశం దగ్గరే అందరికీ కోపాలు వస్తున్నాయి. బాధ్యతలో ఉన్న మనిషి మీద హింస ఆరోపణ వస్తే, కోర్టు తేల్చే దాకా అతన్ని ఆ బాధ్యతలో ఉంచాలా, పక్కన పెట్టాలా? "రుజువు కాకుండా ఎట్లా తీసేస్తారు?" అని సగం మంది. "అట్లాంటి మనిషి దగ్గరికి పిల్లల్ని ఎట్లా పంపుతాం?" అని మిగతా సగం. సరిగ్గా ఇదే ప్రశ్న మీద ఆస్ట్రేలియాలో జనం ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అందులో కొంత నేను అక్కడే ఉండి చూశాను, విన్నాను. అది చెప్పి తర్వాత మన సంగతికి వస్తాను.

మా అమ్మాయి కుటుంబం ఉండేది సిడ్నీకి దక్షిణంగా సముద్రం ఒడ్డున, వులంగాంగ్ అనే ఊళ్లో. పక్కనే పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీ. సిడ్నీ వైపు వెళ్తుంటే దారిలో హెలెన్స్‌బర్గ్‌లో మన వెంకటేశ్వర స్వామి గుడి ఉంది, 1985 నుంచి. 2019లో నేను మార్చి నుంచి ఆగస్టు దాకా అక్కడే ఉన్నాను. అది వాళ్ల రగ్బీ లీగ్ సీజన్. మనకు క్రికెట్ ఎట్లాగో ఆ ఊరికి ఆ ఆట అట్లా.

తెలియని వాళ్ల కోసం ఆట గురించి రెండు ముక్కలు. రగ్బీలో రెండు రకాలున్నాయి. పదిహేను మంది ఆడేది యూనియన్, పదమూడు మంది ఆడేది లీగ్. లీగ్‌ను చూస్తే మనకు కబడ్డీ గుర్తొస్తుంది. బంతి పట్టుకొని ఒకడు దూసుకొస్తాడు, ఎదుటివాళ్లు ముగ్గురు నలుగురు మీద పడి పట్టేస్తారు. ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్లది. ఈ ఆట విడిపోయిన కథ మన లోయర్ పరేల్, వర్లీ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 1895లో ఉత్తర ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో మిల్లు కార్మికులు, గని కార్మికులు ఎక్కువగా ఆడే క్లబ్బులు ఒక మాట అన్నాయి: శనివారం ఆట కోసం మా కుర్రాళ్లు పని మానుకుంటున్నారు, ఆ పోయిన కూలి అయినా కట్టియ్యాలి. పెద్దింటి వాళ్లు ఒప్పుకోలేదు. వీళ్లు వేరుపడ్డారు. 1908లో సిడ్నీలో లీగ్ పోటీలు మొదలయ్యాయి. ఇప్పుడున్న ఎన్‌ఆర్‌ఎల్ 1998 నుంచి నడుస్తోంది.

మా నాన్న మిల్లు కార్మికుడు. 1982 సమ్మె దాకా మగ్గం ఖాతాలో పనిచేశాడు. సాయంత్రం షిఫ్టు దిగి చాల్ ముందు కబడ్డీ ఆడేవాళ్లను చూస్తూ పెరిగాను. ఆ ఆటగాళ్లంటే పేటకే గర్వం. వాళ్లలో ఎవడైనా తప్పు చేశాడంటే జనం ముందు నమ్మరు. నమ్మినా, "పోనీలే, మనవాడే కదా" అంటారు. వులంగాంగ్‌లో నేను విన్న మాటలకూ, మన చాల్ మెట్ల మీద విన్న మాటలకూ పెద్ద తేడా లేదు.

ఇక అసలు విషయం. ఆ ఆటగాళ్ల మీద ఆడవాళ్ల పట్ల హింస ఆరోపణలు రావడం 2019లో కొత్తేమీ కాదు. 2004లో ఒక జట్టు ఆటగాళ్ల మీద లైంగిక దాడి ఆరోపణ వచ్చింది. పోలీసులు దర్యాప్తు చేశారు, ఎవరి మీదా కేసు పెట్టలేదు. కానీ ఆ గొడవ తర్వాతే ఎన్‌ఆర్‌ఎల్ కేథరిన్ లంబీ అనే ప్రొఫెసర్‌ను పిలిపించి, ఆడవాళ్లతో ఎట్లా మెలగాలో ఆటగాళ్లకు నేర్పే పని మొదలుపెట్టింది. 2009 మేలో ఏబీసీ టీవీ 'ఫోర్ కార్నర్స్' కార్యక్రమం 2002 నాటి ఒక సంఘటనను బయటికి తెచ్చింది. జట్టు న్యూజిలాండు వెళ్లినప్పుడు హోటల్ గదిలో పందొమ్మిదేళ్ల అమ్మాయి చుట్టూ జరిగిన సంగతి అది. అందులోనూ పోలీసు కేసు లేదు. ఆ గదిలో ఉన్న ఒక పేరున్న ఆటగాడు అప్పటికి టీవీ వ్యాఖ్యాతగా ఉన్నాడు. టీవీ సంస్థ అతన్ని పక్కన పెట్టింది.

ఇన్నేళ్లూ ఎట్లా నడిచిందంటే, ఆరోపణ వచ్చిన ప్రతిసారీ క్లబ్బు తనకు తోచినట్టు చేసేది. బెంచీ మీద కూర్చునే కుర్రాడైతే కాంట్రాక్టు రద్దు. జట్టును గెలిపించేవాడైతే "కోర్టు తేల్చనివ్వండి" అనేవాళ్లు. చట్టం మీద గౌరవం ఉన్నట్టుండి పొంగేది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

2018 చివరా 2019 మొదట్లో, అంటే వాళ్లకు ఎండాకాలం, ఒకదాని వెంట ఒకటిగా ఆటగాళ్ల మీద కేసులు వచ్చాయి. భార్యను, స్నేహితురాలిని కొట్టారన్నవి, లైంగిక దాడి చేశారన్నవి. స్పాన్సర్లు వెనక్కి తగ్గడం మొదలుపెట్టారు. అప్పుడు 2019 ఫిబ్రవరి 28న ఎన్‌ఆర్‌ఎల్‌ను నడిపే కమిషన్ ఒక కొత్త నియమం ప్రకటించింది. అప్పటి ఛైర్మన్ పీటర్ బీటీ, ఒకప్పుడు క్వీన్స్‌లాండ్ ముఖ్యమంత్రిగా చేసినవాడు.

నియమం సారాంశం ఇది. పదకొండేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ జైలు పడే నేరం కింద పోలీసులు అభియోగం మోపితే, ఆటగాడు ఆ క్షణం నుంచి మ్యాచులు ఆడడు. దానికి విచారణ ఉండదు, ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండవు. అంతకన్నా చిన్న సెక్షన్లయితే, ముఖ్యంగా ఆడవాళ్ల మీదా పిల్లల మీదా హింస ఉంటే, ముఖ్య అధికారి ఆలోచించి నిర్ణయిస్తాడు. ఈ కాలమంతా జీతం పూర్తిగా ఇస్తారు. జట్టుతో కలిసి సాధన చేసుకోవచ్చు. కేసు తేలాక తిరిగి రావచ్చు. దీనికి వాళ్లు పెట్టిన పేరుకు అర్థం: తప్పు అంటగట్టకుండా పక్కన కూర్చోబెట్టడం.

ఈ నియమం మొదట తగిలింది మా అమ్మాయి వాళ్ల ఊరి జట్టుకే. సెయింట్ జార్జ్ ఇల్లావారా డ్రాగన్స్‌లో జాక్ డి బెలిన్ అనే ఆటగాడి మీద 2018 డిసెంబరులో లైంగిక దాడి అభియోగం పడింది. నేను తప్పు చేయలేదని అతను మొదటి నుంచీ చెప్పాడు. నియమం రాగానే పక్కన పెట్టారు. అతను ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు: నా వృత్తి నన్ను చేసుకోనివ్వడం లేదు, ఇది అన్యాయం అని. 2019 మేలో న్యాయమూర్తి మెలిస్సా పెర్రీ అతని వాదన తోసిపుచ్చారు. ఇట్లాంటి కేసుల వల్ల పోటీ పేరుకూ, ఆదాయానికీ నిజంగానే దెబ్బ తగులుతోందని, దాన్ని కాపాడుకోవడానికి ఈ నియమం సమంజసమేనని తీర్పు.

ఆ వారం ఊళ్లో ఎక్కడ చూసినా ఇదే మాట. అల్లుడితో పనిచేసే ఒక పెద్దాయన, ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాడు, ఇంటికొచ్చినప్పుడు అన్నాడు: "నా మీద ఎవరైనా కేసు పెడితే ఫ్యాక్టరీ నన్ను రెండేళ్లు గేటు బయట నిలబెడితే మీరు ఊరుకుంటారా?" హెలెన్స్‌బర్గ్ గుడి క్యాంటీన్‌లో దోసె కోసం వరసలో నిలబడ్డప్పుడు, ఆస్పత్రి ఎమర్జెన్సీలో నర్సుగా చేసే ఒక తెలుగమ్మాయి ఇంకో మాట చెప్పింది: "ఆంటీ, మ్యాచ్ రాత్రి డ్యూటీ అంటే మాకు ముందే తెలుసు, ఎట్లాంటి దెబ్బలతో వస్తారో." ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. చిక్కంతా అక్కడే ఉంది.

నర్సు చెప్పినదానికి లెక్కలు కూడా ఉన్నాయి. స్టేట్ ఆఫ్ ఆరిజిన్ అని న్యూ సౌత్ వేల్స్‌కూ క్వీన్స్‌లాండ్‌కూ ఏటా మూడు పెద్ద మ్యాచులుంటాయి. 2012 నుంచి 2017 దాకా ఆ మ్యాచుల రోజుల్ని పరిశీలిస్తే, న్యూ సౌత్ వేల్స్‌లో ఇళ్లలో దాడులు మామూలు రోజులకన్నా సుమారు 40 శాతం పెరిగాయని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. కొట్టినవాళ్లు ఆటగాళ్లు కాదు, ఆట చూసినవాళ్లు. అంటే పదమూడు మందిని దారిలో పెడితే తీరిపోయే రోగం కాదది.

ఇప్పుడు రెండు వైపుల వాదనలూ నాకు అర్థమైనట్టు చెప్తాను.

వద్దనేవాళ్లది చిన్న మాట కాదు. కోర్టు కేసు ఏళ్లు పడుతుంది. ఆటగాడి బతుకు పదేళ్లు. డి బెలిన్‌కు అభియోగం పడేనాటికి ఇరవై ఏడేళ్లు, తిరిగి మైదానంలోకి వచ్చేసరికి ముప్పై. మధ్యలో రెండు సీజన్లకు పైగా పోయాయి. జీతం వచ్చినా ఆ ఏళ్లు తిరిగి రావు. పైగా "తప్పు అంటగట్టడం లేదు" అని నియమం ఎంత చెప్పినా, జనం కళ్లకు మాత్రం పక్కన కూర్చున్నవాడు దోషిలాగే కనిపిస్తాడు. అతని కేసు ఎట్లా ముగిసిందో చూడండి. 2020 నవంబరులో వులంగాంగ్‌లో మొదటి విచారణ. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 2021లో రెండోసారి. ఒక అభియోగంలో నిర్దోషి అన్నారు, మిగతా ఐదింటిలో మళ్లీ తేల్చలేకపోయారు. ఆ తర్వాత ప్రాసిక్యూషన్ కేసు వదిలేసింది. అతను జూన్‌లో ఆటకు తిరిగొచ్చాడు. చట్టం దృష్టిలో అతను నిర్దోషి. ఫిర్యాదు చేసిన ఆమె సంగతి కూడా మరవొద్దు. అంత నలిగాక ఆమెకూ ఒక తీర్పు అన్నది దక్కలేదు.

కావాలనేవాళ్ల మాట ఇది. అదే నియమం కింద మాన్లీ జట్టు ఆటగాడు మనాసే ఫైనూను కూడా పక్కన పెట్టారు. 2019 అక్టోబరులో ఒక చర్చి డ్యాన్సు దగ్గర మనిషిని కత్తితో పొడిచాడని కేసు. 2022లో జ్యూరీ దోషి అంది, ఎనిమిదేళ్ల శిక్ష పడింది. ఒకే నియమం ఇద్దరికీ వర్తించింది, ముగింపులు వేరు. నియమం పెట్టినరోజు ఎవరి కథ ఎట్లా ముగుస్తుందో ఎవరికీ తెలియదు. తెలియదు గనకే ఇద్దరినీ ఒకేలా చూసింది. అందుకే ఇది తీర్పు కాదు, తీర్పు వచ్చే దాకా నిలబడే చోటు మాత్రమే.

నాకు బాగా నచ్చిన వాదన మాత్రం వేరే. పైన గుర్తుంచుకోమన్నాను కదా, స్టార్ ఆటగాడికో న్యాయం, బెంచీ కుర్రాడికో న్యాయం అని. నియమం రాసిపెట్టాక ఆ బేరం పోయింది. ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. క్లబ్బు అధ్యక్షుడు "నేనేం చేయను, నియమం అట్లా ఉంది" అనగలడు. పక్కన కూర్చున్నవాడు కూడా "నన్ను దోషి అనలేదు, నియమం అందరికీ ఇదే" అనగలడు.

మా మనవడికి అప్పుడు ఎనిమిదేళ్లు. తెల్లచొక్కా మీద ఎర్ర గీతల డ్రాగన్స్ జెర్సీ వేసుకొని తిరిగేవాడు. టీవీలో మ్యాచ్ చూస్తూ "పదమూడో నంబరాయన ఎందుకు ఆడట్లేదు?" అని అడిగాడు. మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి చెప్పింది: "ఆయన మీద కేసుంది నాన్నా. కోర్టు చూస్తోంది. అది తేలే దాకా ఆడడు." వాడు సరేనని మళ్లీ మ్యాచ్ చూశాడు. అబద్ధం లేదు, తిట్టు లేదు, దాచిపెట్టడం లేదు. టీచరుగా ముప్పై రెండేళ్లు పిల్లలకు జవాబులు చెప్పిన మనిషిని, ఇంత శుభ్రమైన జవాబు అరుదుగా విన్నాను. నియమం లేకపోతే ఆ జవాబు చెప్పడానికి వీలు లేదు.

నియమంలో లోపం కూడా చెప్పాలి. పదకొండేళ్ల గీత ఎక్కువగా ఇంట్లో జరిగే హింసకు అందదు. భార్యను కొట్టిన కేసుల్లో చాలావాటికి అక్కడి చట్టంలో గరిష్ఠ శిక్ష అంతకన్నా తక్కువే. అవన్నీ ముఖ్య అధికారి విచక్షణ కిందికి వెళ్తాయి. ఇంకోటి, కోర్టులో గెలిచింది ఆట పేరు, స్పాన్సర్ల డబ్బు అన్న వాదన. ఆడవాళ్ల భద్రత అన్న మాట అక్కడ రెండో వరసలో కూర్చుంది. మనం నియమం రాసుకుంటే ఆ వరస మార్చి రాసుకోవాలి.

ఇక మన సంగతి. మన పిల్లల కబడ్డీ జట్టుకు శిక్షణ ఇచ్చే అతని మీద అతని భార్య పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చిందని అందరికీ తెలుసు. పేర్లు రాయను. మీరూ కామెంట్లలో రాయకండి. ఇద్దరూ మన పిల్లలే. అతను నా క్లాసులో చదివినవాడు. ఆమె పెళ్లికి నేను వెళ్లాను. ఏం జరిగిందో ఆ గోడలకు తెలుసు, రేపు కోర్టుకు తెలియాలి. గ్రూపులో తీర్పులు చెప్పే మనలో ఎవరికీ తెలియదు.

"రుజువు కాకుండా పక్కన పెట్టడం మన దేశంలో లేదు" అని ఒక తమ్ముడు రాశాడు. ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. సస్పెన్షన్ శిక్ష కాదని నిబంధనలే చెప్తాయి. మొదట్లో సుమారు సగం జీతం చేతికొస్తుంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో కూడా, విచారణ నడిచేటప్పుడు ఆమెనో అతన్నో బదిలీ చేయవచ్చు, ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు. మన రైల్వే, పోర్ట్ ట్రస్టు, మున్సిపాలిటీ వాళ్లందరికీ ఇది కొత్త కాదు. సంఘానికి వచ్చేసరికి మాత్రమే మనకు "పెద్దలు కూర్చొని సర్దుబాటు చేస్తారులే" అన్న పాత అలవాటు. ఆ సర్దుబాటులో ఎప్పుడూ సర్దుకోవలసింది ఎవరో ఆడవాళ్లను అడగండి.

ఇంకో తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్న: "ఎన్నికల ముందు ఎవడైనా పగతో కేసు పెట్టిస్తే?" ఇక్కడ మనం ఆస్ట్రేలియాను గుడ్డిగా కాపీ కొట్టకూడదు. అక్కడ పోలీసులు అభియోగం మోపాకే నియమం కదులుతుంది. మన ఎఫ్‌ఐఆర్ దానికి సమానం కాదు, అది మొదటి సమాచారం మాత్రమే. ఛార్జిషీటు దానికి దగ్గర. అందుకే నా సూచనలు ఇట్లా పంపుతున్నాను.

ఒకటి. కమిటీ పదవుల్లో ఉన్నవాళ్లకు: హింస కేసులో ఛార్జిషీటు పడితే కేసు తేలే దాకా పదవికి దూరం. సభ్యత్వం ఎక్కడికీ పోదు, పండగలకు రావచ్చు, ఓటు వేయవచ్చు.

రెండు. పిల్లలతో, ఆడవాళ్లతో నేరుగా పని ఉన్న బాధ్యతలకు: శిక్షణ, హాస్టల్, టూర్లు. ఇక్కడ ఎఫ్‌ఐఆర్ చాలు. మన దగ్గర భార్యను హింసించిన కేసులో గరిష్ఠ శిక్ష మూడేళ్లు. కాబట్టి ఏళ్ల లెక్కతో గీత గీస్తే మన ఇళ్ల సంగతి ఏదీ అందులోకి రాదు. గీత పని స్వభావాన్ని బట్టి గీయాలి.

మూడు. గౌరవ వేతనం తీసుకునేవాళ్లకు అది ఆగకూడదు. నెలకు మనం ఇచ్చేది ఎంత, దానితో ఒక ఇల్లు పాక్షికంగానైనా నడుస్తుంది. ఆ ఇంట్లో ఆమె, పిల్లలు కూడా ఉన్నారు.

నాలుగు. మూడు నెలలకొకసారి సంగతి ఎక్కడికొచ్చిందో చూడాలి. కేసు కొట్టేస్తే, మన సంచికలో మొదటి పేజీలో "ఫలానా వారు తిరిగి బాధ్యత తీసుకుంటున్నారు" అని వేయాలి. పక్కన పెట్టినప్పుడు ఎంత పెద్దగా తెలిసిందో, తిరిగొచ్చినప్పుడూ అంత పెద్దగా తెలియాలి.

ఐదు. నియమం అధ్యక్షుడి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా ఒకటే. విరాళం ఎంత ఇచ్చాడన్నది లెక్కలోకి రాదు.

ఆరోది చాలామంది ఆలోచించలేదు. మన సభ్యత్వం కుటుంబం పేరు మీద ఉంది, పుస్తకంలో రాసేది మాత్రం ఇంటి మగవాడి పేరు. అంటే ఇవాళ ఫిర్యాదు ఇచ్చిన ఆ అమ్మాయి పేరు మన రిజిస్టరులో ఎక్కడా లేదు. ఆమె భర్తకు ఓటుంది, మాట్లాడే హక్కుంది. ఈ నియమం మీద జరిగే సర్వసభ్య సమావేశంలో ఆమెకు చెయ్యెత్తే హక్కు లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి పేరూ విడిగా రాయాలి. దీనికి వేరే ఖర్చు లేదు, ఒక కొత్త రిజిస్టరు కావాలి, అంతే. పుస్తకం నేను కొనిస్తాను. పేర్లు రాయడానికి చేతిరాత బాగున్న ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఆదివారం పదింటికి ఆఫీసుకు రండి.